కోటగోడకు వేలాడుతున్న నీవు

కావలి,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మిత్రమా,

కువైట్ వెళ్లాక మన ఆట ఇక ముగిసినట్లేనని నీవు రాసిన మాట చదివి నాకు కోపమే వచ్చింది. పేకాటకు పిలిస్తే ఈ ఊళ్లో పదిమంది వస్తారు గాని, పాచికలు ముందు పెట్టుకొని, తాను వేరొకడినని ఊహించుకుంటూ నాలుగు గంటలపాటు కథ ఆడే మనిషి దొరకడన్నది నిజమే. అయితే నీ స్థానంలో మరొకరిని వెదకవలసిన అవసరమే కనిపించలేదు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు మనం ఆడే ఈ పాత్రల ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను వెలువరించిన కాలంలో, ఆడేవారు ఉద్యోగాలకు, పెళ్లిళ్లకు చెదిరిపోతే కథ సగంలో ఆగవలసిందే. ఇప్పుడు ఇంటర్నెట్‌లో మాటలకు డిస్కార్డ్, పటానికీ పాచికలకూ రోల్20 ఉన్నాయి. 2023 జనవరిలో ఆ ఆట అయిదవ కూర్పు మౌలిక నియమాలను ఎవరైనా ఉచితంగా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు కనుక పుస్తకం ఖర్చూ తప్పింది. మనం ఎక్కిన ఉదయగిరి కొండను గుర్తు చేసుకుంటూ కోట పటాన్ని నేనే గీశాను. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఆ కోట ముట్టడిలో మన పాత్రలు ఎప్పటిలాగే రాయల వేగులు.

అందరికన్నా మారినవాడు అల్లూరు దగ్గర రొయ్యల చెరువులు చూసుకొనే మన మౌని. మా మిద్దె మీద కూర్చున్నన్నాళ్లూ 'సరే' అనడం తప్ప నోరు విప్పని ఆ మనిషి, రాత్రి చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల కాపలాలో తీరిక దొరికినప్పుడల్లా తన పాత్ర చేసే పనిని, దాని మనసులోని భయాన్ని టైపు చేసి పంపుతున్నాడు; పొద్దున కాఫీ తాగుతూ నేను జవాబు రాస్తాను. నలుగురమూ ఒకేసారి కూర్చోకపోయినా కథ వారమంతా కదులుతోంది. ఎదురెదురుగా ఆడితేనే ఆట అని వాదించే నాకు, అక్కడ మనమే అతనికి మాట్లాడే సందు ఇవ్వలేదేమోనన్న అనుమానం ఇప్పుడు కలుగుతోంది.

లోటు లేదనను. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏదీ వినబడదు; నీవు అబద్ధమాడేటప్పుడు ఎగిరే కనుబొమ్మా కనబడదు. ఇరవై ముఖాల పాచికను మంచం కిందికి జారవిడిచి 'ఇరవై పడింది' అని ప్రకటించే నీ విద్య కూడా ఇక చెల్లదు, అంకె అందరి తెరల మీదా ఒకేసారి పడుతుంది.

శుక్రవారం నీకు సెలవే కదా. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు మొదలుపెడతాం, అప్పుడు నీకు ఏడు గంటలు. రైలు తొందరలో నీవు లేచిపోయిన నాటి నుంచి నీ పాత్ర ఆ కోటగోడ మీది తాడుకు వేలాడుతూనే ఉంది. పైకొస పట్టుకున్న మౌని, ఇంకా ఎంతసేపు పట్టుకోవాలని రోజూ అడుగుతున్నాడు.

నీ మిత్రుడు