మబ్బుల పెట్టె

చి. అమ్మలుకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నాన్నగారి మోకాలు ఎప్పటిలాగే ఉంది. నీ దగ్గు తగ్గిందా? కిటికీ తెరుచుకుని పడుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా వినవు. నీ దగ్గర్నుంచి కబురు లేక రెండు నెలలు దాటింది. ఫోను చేస్తే "తర్వాత చేస్తానమ్మా" అంటావు, ఆ తర్వాత అనేది రాదు. పని ఒత్తిడి ఉంటుంది, కాదనను. ప్రత్యేకంగా ఏమీ లేదు, నాలుగు మాటలు చెప్పుకుందామని రాస్తున్నాను.

మొన్న పిన్ని ఫోన్ చేసింది. మాటల మధ్యలో, నువ్వు ఇల్లు మారుతున్నావనీ, కేలండర్లకీ పోస్టుకార్డులకీ తాతయ్య తీసిన ఫొటోల పెట్టెలన్నీ స్కాన్ చేయించేసి నెగటివ్‌లు కిలోల లెక్కన ఫిల్మ్‌లోంచి వెండి తీసేవాళ్ళకి ఇచ్చేస్తున్నావనీ అంది. పిన్ని మాట సగానికి సగం తీసేసి వినాలని మనకి తెలుసు. అందుకే నేనేమీ అడగను. నువ్వే చెబుతావు.

ఇల్లు మారేటప్పుడు మాత్రం పెట్టెలు ఒక్కదానివే ఎత్తకు. గాజు నెగటివ్ ప్లేట్ల పెట్టె చూడ్డానికి చెప్పుల డబ్బాలా ఉంటుంది కానీ హాఫ్‌ప్లేట్ సైజువి యాభై కలిస్తే నాలుగు కిలోల దాకా తూగుతాయి. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకు, కింది ప్లేటు పై బరువుకి పగులుతుంది. పొడుగు అంచు మీద నిలబెట్టి సర్దు. పగిలినవి ఉంటే వాటిని మాత్రం పడుకోబెట్టి, ముక్కలు ఒకదానికొకటి రాసుకోకుండా రెండు అట్టల మధ్య పెట్టు. టేపు అంటించకు. జిగురు ఎమల్షన్‌లోకి, అంటే బొమ్మ ఉండే పూతలోకి, దిగితే మళ్ళీ రాదు.

స్కానింగ్ మంచిదే, నేను వద్దనను. అయితే ఎలా చేస్తున్నారో కాస్త దగ్గరుండి చూసుకో. నాలుగు బై ఐదు అంగుళాల విడి షీట్ ఫిల్మ్‌ని 2000 డీపీఐలో, అంటే అంగుళానికి 2000 చుక్కల చొప్పున తీస్తే 8000 బై 10000 పిక్సెల్స్ వస్తుంది, పెద్ద ప్రింటుకి అది చాలు. జేపెగ్ ఫైలు కాదు, వివరాలు పోని 16 బిట్ టిఫ్ ఫైలుగా ఉంచమను. అంచులు కత్తిరించనివ్వకు. ఫిల్మ్ ఏ రకమో చెప్పే గాట్లు, "సేఫ్టీ" అన్న ముద్ర అంచులోనే ఉంటాయి. దుమ్ము మచ్చల్ని దానంతట అదే తీసేసే ఇన్‌ఫ్రారెడ్ సౌకర్యం బ్లాక్ అండ్ వైట్‌కి పనికిరాదు. ఫిల్మ్‌లోని వెండి ఆ కిరణాల్ని ఆపేస్తుంది కాబట్టి యంత్రం బొమ్మనే మచ్చ అనుకుని చెరిపేస్తుంది. ఇవన్నీ సరిగ్గా చేసినా చివరికి చేతికొచ్చేది నకలే. పదేళ్ళ తర్వాత ఇంతకంటే మంచి స్కానర్ వస్తుంది, అప్పుడు దాని కింద పెట్టడానికి అసలు ఉండాలి కదా.

ఈ విషయం పొడిగించకూడదనే అనుకున్నాను. సరే, ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను.

పూర్వపు ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ గురించి నీ చిన్నప్పుడు తాతయ్య చెబుతుండేవారు, గుర్తుందో లేదో. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్‌లో అంచనాలు, డ్రాయింగులు వేసే ఉద్యోగం చేశాడు. 1870ల్లో కెమెరా పట్టాడు. 1882లో బ్రిటిష్ అధికారి సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్ తిరిగి పాత కోటలూ గుళ్ళూ తీశాడు. ఆ బొమ్మలతోనే 1886లో గ్రిఫిన్ పుస్తకం వచ్చింది. వైస్రాయి దగ్గరా, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గరా ఫొటోగ్రాఫర్ అయ్యాడు. నిజాం ఇచ్చిన ముసవ్విర్ జంగ్ రాజా బహదూర్ బిరుదుతోనే రాజా దీన్ దయాళ్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు, 1896లో బొంబాయిలో ఇంకొకటి. 1892లో హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం వేరే స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆవిడ చేతిలో పెట్టాడు. 1905లో పోయాడు. ఆ తర్వాత ఆయన కంపెనీ క్రమంగా క్షీణించింది.

నేను చెప్పాలనుకున్నది ఇక్కడుంది. ఆయన పోయాక 80 ఏళ్ళకి పైగా ఆ గాజు ప్లేట్లు వంశంలోనే ఉన్నాయి. ఎన్ని ఇళ్ళు మారి ఉంటాయో, ఎన్ని వానాకాలాలు చూసి ఉంటాయో ఆలోచించు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరేనాటికి 2,857 నెగటివ్‌లు మిగిలాయి. వాటికి అంత విలువ ఎక్కడ్నుంచి వచ్చిందంటావు? చాలా ప్లేట్ల అడుగున నంబరూ చోటు పేరూ రాసి ఉంటాయి. ఎమల్షన్ వైపు సిరాతో రాయాలంటే అక్షరాలు అద్దంలో బొమ్మలా తిరగేసి రాయాలి, అప్పుడే ప్రింటులో తెల్లగా, సరిగ్గా పడతాయి. డ్రాయింగు ఆఫీసులో పనిచేసిన మనిషి కాబట్టే ఆ అలవాటు అబ్బిందేమో అని నాకనిపిస్తుంది. ఎక్కడో ఎవరి ఆల్బమ్‌లోనో ఒక ప్రింటు దొరికినా, ఆ నంబరు పట్టుకుని అది ఏ వరసలోదో చెప్పగలుగుతున్నారు.

కలకత్తాలో దీనికి తిరగబడ్డ కథ జరిగింది. ఇంగ్లీషు ఫొటోగ్రాఫర్ శామ్యూల్ బోర్న్ 1863లో మన దేశానికి వచ్చి, ఏడెనిమిదేళ్ళలో హిమాలయాలకి మూడు పెద్ద యాత్రలు చేశాడు. అప్పటివి తడి ప్లేట్లు. గాజు మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచి, ఆరకముందే బొమ్మ తీసి, అక్కడే గుడారంలో డెవలప్ చేయాలి. మధ్యలో ఆరిపోయిందా, ప్లేటు చెడ్డట్టే. ఆ సరంజామా అంతా కూలీల వీపుల మీద మోయించి, 1866లో 18,600 అడుగుల మణిరంగ్ కనుమ మీద బొమ్మలు తీశాడు. వాటినే నంబర్లు వేసి, కేటలాగులో పెట్టి దేశమంతా అమ్మారు. ఆయన భాగస్వామిగా ఉన్న కలకత్తా కంపెనీ బోర్న్ అండ్ షెపర్డ్ 1991లో అగ్నిప్రమాదానికి గురై ఫొటోల భాండారం చాలా భాగం కాలిపోయింది, 2016లో కంపెనీయే మూతపడింది. బోర్న్ బొమ్మలు ఇవాళ చూడగలుగుతున్నామంటే అవి అమ్ముడుపోయి ఊరూరా చేరబట్టి. ప్రింటు మీది నంబరే వాటికి ఆధారం. నెగటివ్‌లు పోయాయి, నంబర్లు మిగిలాయి.

తాతయ్యవి అన్ని చోట్లకీ చేరలేదమ్మా. ఆయన దృశ్యాలు అమ్మి ముగ్గురు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశారు గానీ, కేలండర్ ఏడాది తిరిగితే చెత్తలోకి పోతుంది, పోస్టుకార్డు ఇంకా ముందే పోతుంది. మిగిలింది నీ దగ్గరున్న పదకొండు పెట్టెలే.

అందులో ఐదో పెట్టె మీద "మబ్బులు" అని ఉంటుంది, చూశావా? తీసి చూస్తే ఆకాశం తప్ప ఏమీ ఉండదు. స్కాన్ చేసే కుర్రాడు ఇవి పనికిరావని పక్కన పడేస్తాడేమోనని నా భయం. దృశ్యాలు అమ్ముకునేవాళ్ళకి మబ్బులు పెట్టుబడి. పూర్వపు ప్లేట్లకి నీలం రంగే ఎక్కువ పట్టేది కాబట్టి ఆకాశం తెల్లకాగితంలా వచ్చేది. విడిగా మబ్బుల నెగటివ్ తీసి, ప్రింటులో కొండ పైన దాన్ని కలిపేవారు. తర్వాత మబ్బులు నేరుగా పడేలా పసుపు ఫిల్టరు వేసుకున్నా తాతయ్య ఆ పెట్టె వదల్లేదు. వెలుగు ఎడమ నుంచి పడ్డ మబ్బులు ఒక కట్ట, కుడి నుంచి పడ్డవి ఇంకో కట్ట. కొండకి నీడ కుడివైపు ఉండి, మబ్బుకి ఎడమవైపు ఉంటే చూసేవాడికి ఏదో తేడా కొడుతుంది. ఆ ముడులు విప్పించకు.

అలాగే ఒకే నంబరు కింద "ఎ", "బి" అని రెండు నెగటివ్‌లు ఉంటే, రెండూ ఒకటేనని ఒకటి తీసేయకు. ప్రతి దృశ్యం రెండుసార్లు తీసి, మొదటిది కడిగి చూసి, దాన్నిబట్టి రెండోదాన్ని డెవలపర్‌లో ఎంతసేపు ఉంచాలో నిర్ణయించేవారు. కొన్నిటి మీద ఎర్రటి రంగు పూసి ఉంటుంది, పెన్సిలు గీతలు ఉంటాయి. అది మురికి కాదు, రీటచింగ్. తుడవనివ్వకు.

అమ్ముడుపోనివి తొమ్మిదో పెట్టెలో ఉన్నాయి. లారీ అడ్డొచ్చినవి, కరెంటు తీగలు పడ్డవి, బట్టల ఫ్యాషన్ చూస్తే ఏ ఏడాదో తెలిసిపోయేవి. బొమ్మ పదేళ్ళు అమ్ముడుపోవాలంటే అందులో కాలం కనబడకూడదు, అందుకని పక్కన పెట్టేవారు. నన్నడిగితే ఇప్పుడు అన్నిటికంటే ముందు స్కాన్ చేయాల్సింది ఆ పెట్టే.

2114 నంబరు కవరు ఒకసారి తీసి చూడు. గోధుమరంగు కవరు, పెన్సిలుతో తాతయ్య చేతిరాత. "కూడవెల్లి. ఉ. 6-40. ఎఫ్ 22, అర సెకను. పసుపు ఫిల్టరు. గాలి లేదు." ఎఫ్ 22 అంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది, అర సెకను అంటే ఆకు కదిలినా బొమ్మ చెదురుతుంది, అందుకే గాలి సంగతి కూడా రాసుకున్నారు. తుంగభద్ర కృష్ణలో కలిసే చోట సంగమేశ్వరుడి గుడి, శ్రీశైలం జలాశయం నిండక ముందు, తన చోట తను ఉన్నప్పటిది. తర్వాత ఆ గుడిని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. ఇప్పుడు ఎంత మంచి కెమెరా తీసుకెళ్ళినా ఆ బొమ్మ రాదు. కవరు పారేస్తే ఆ నెగటివ్ ఏదో ఒక గుడి, ఏదో ఒక నది. అందుకని స్కాన్ చేయిస్తే కవర్లు కూడా చేయించు, ఫైలు పేరు ఆ నంబరే పెట్టించు. ఆ నంబర్ల ఎర్ర అట్ట రిజిస్టరు ఎక్కడుంది? అది పెట్టెలతో కలిపి పంపకు, నీ చేతిసంచిలో పెట్టుకో.

పెట్టె మూత తీయగానే వెనిగర్ లాంటి పుల్లటి ఘాటు వస్తే నాకు వెంటనే చెప్పు. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ కుళ్ళడం మొదలైందన్నమాట. ఆ ఆవిరే మిగతా ఫిల్మ్‌ని కూడా తొందరగా కుళ్ళబెడుతుంది, బేస్, అంటే అడుగు ప్లాస్టిక్, కుంచించుకుపోయి ఎమల్షన్ ముడతలు పడుతుంది. అలాంటివి వెంటనే వేరు చేసి, ముందు వాటినే స్కాన్ చేయించు. ఏ-డీ స్ట్రిప్స్ అని నీలం కాగితం ముక్కలు దొరుకుతాయి. మూసిన పెట్టెలో ఒక రోజు ఉంచితే, ఆమ్లం ఉన్నకొద్దీ ఆకుపచ్చగా, పసుపుగా మారతాయి. పాలిథిన్‌లా కనబడే పీవీసీ కవర్లు వద్దు, ఎమల్షన్‌కి అతుక్కుంటాయి. కలరా ఉండలు వేయకు. బూజు పట్టిందని తడిగుడ్డతో అసలు తుడవకు. బూజు తిన్న జెలటిన్ పూత నీళ్ళలో కరిగిపోతుంది, బొమ్మంతా గుడ్డకి వచ్చేస్తుంది. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. చల్లగా ఉంటే మరీ మంచిది, అయిదు డిగ్రీలు తగ్గితే ఫిల్మ్ ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుంది. రంగు స్లైడ్లు చీకట్లో ఉన్నా వెలుస్తాయి కాబట్టి వాటిని గాలి చొరబడని సంచిలో ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. బయటికి తీసిన వెంటనే సంచి విప్పకు. కొన్ని గంటలు ఆగి, గది వేడికి వచ్చాక విప్పు, లేకపోతే చెమ్మ పడుతుంది.

మళ్ళీ పాఠం చెప్పేశాను. చదివి విసుక్కోకు.

ఒకవేళ ఎవరికైనా ఇవ్వాలనే ఉంటే, ఇవ్వు. నేను అడ్డుపడను. మంచి చోట ఉంటే నాకూ సంతోషమే. కాకపోతే కాగితం లేకుండా ఇవ్వకు. నెగటివ్ ఇచ్చినంత మాత్రాన కాపీరైట్ వెళ్ళిపోదు, దానికి సంతకంతో రాతపూర్వకంగా బదిలీ ఉండాలి. అందులో గడువు రాయకపోతే చట్టం అయిదేళ్ళే అనుకుంటుంది. 2012 సవరణ తర్వాత ఫొటోకి కూడా కాపీరైట్ తీసినవారి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు. తాతయ్య పోయింది 1994లో, అంటే 2054 చివరి వరకు. డబ్బిచ్చి ఎవరైనా ప్రత్యేకంగా తీయించుకున్నవి మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, వాళ్ళవే అవుతాయి. రిజిస్టరులో "ఆర్డరు" అన్న గడి చూస్తే ఏవేవో తెలుస్తుంది. అన్నీ కలిపి ఒకే చోటికి ఇవ్వు. బాగున్నవి ఒకరికి, మిగతావి ఇంకొకరికి అని విడదీయకు.

పెట్టెలు ఇప్పుడు మేడమీద గదిలో ఉన్నాయా? పైకప్పు వేడి నేరుగా దిగుతుంది అక్కడ. కింద లోపలి గదిలో, బయటి గోడకి ఆనకుండా, నేలకి జానెడు ఎత్తులో పెట్టించు. స్టూలు ఎక్కి నువ్వు దింపకు, బాబీని పిలు. వాడు ఆదివారం ఖాళీగానే ఉంటాడట.

పెద్ద ఉత్తరం రాసే తీరిక లేకపోతే వద్దు. ఐదో పెట్టె మూత ఫొటో తీసి పంపు, ఉందని తెలిస్తే చాలు నాకు. తడితలతో పడుకోకు.

అమ్మ