ముద్ర వేసే ముందు చెవి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం వస్తే పత్రికలన్నీ నృత్యాల ఫొటోలు వేస్తాయి. బడిలో ‘కుదురు లేని పిల్లాడు’ అని పేరుపడిన ఆదివాసీ పిల్లల గురించి రాసేవారు మాత్రం తక్కువ. ఏకాగ్రత నిలవకపోవడం, అతిచలనం లక్షణాలుగా ఉండే ఏడీహెచ్‌డీ ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 శాతం పిల్లల్లో ఉంటుందని అంచనా. ఆదివాసీ పిల్లలేమీ దీనికి మినహాయింపు కాదు. వారి విషయంలో లేని జబ్బు అంటగట్టడమూ ఉంది, ఉన్న జబ్బును ‘వాళ్ల తీరే అంత’ అని కొట్టిపారేయడమూ ఉంది.

ఈ సమస్యను తేల్చడానికి రక్తపరీక్షలూ స్కానింగులూ పనికిరావు. పెద్దలు చెప్పేదే డాక్టరుకు ఆధారం. ఎదురుగా నిలబడి మాట్లాడినా విననట్లు ఉంటాడా? చెప్పిన పని సగంలో వదిలేస్తాడా? ఇలాంటి ప్రశ్నావళిలో టీచరు ‘తరచుగా’ అన్న గడిలో టిక్కు పెడతారు. ఆ పిల్లాడికి అసలు వినబడుతోందా అని ఎవరూ అడగరు. ఆస్ట్రేలియా ఆదివాసీ పిల్లల్లో మధ్యచెవి జబ్బులు ప్రపంచంలోనే అత్యధిక స్థాయుల్లో ఉన్నాయి. చీము కారే దీర్ఘకాలిక చెవి జబ్బు 4 శాతం పిల్లలను మించితే తక్షణం పట్టించుకోవాల్సిన ప్రజారోగ్య సమస్య అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో హద్దు గీసింది. అక్కడి మారుమూల పల్లెల్లో ఆ హద్దు ఎప్పుడో దాటిపోయింది.

చీము కారితే కనీసం కంటికి కనిపిస్తుంది. కర్ణభేరి వెనుక జిగురులాంటి ద్రవం చేరినప్పుడు చాలాసార్లు నొప్పి కూడా ఉండదు, వినికిడి మాత్రం మందగిస్తుంది. అదీ రోజూ ఒకేలా ఉండదు. ఈ వారం పాఠం బాగానే వినబడుతుంది, జలుబు చేసిన వారం అక్షరాలు కలగాపులగం అవుతాయి. నిన్న విన్నవాడు ఇవాళ కావాలనే మాట పెడచెవిన పెడుతున్నాడని టీచరు అనుకోవడంలో వింతేముంది? దానికి తోడు పాఠం ఇంట్లో మాట్లాడని భాషలో. వాడు కిటికీలోంచి బయటికి చూడక ఏం చేస్తాడు! ఆస్ట్రేలియాలో కొన్ని బడులు టీచరుకు మైకు తగిలించి తరగతి గదిలో స్పీకర్లు పెట్టాయి. మందు బిళ్ల కన్నా ముందు చేయదగిన పని ఇది.

లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, బడిలోనే కాక మరోచోట కూడా కనబడాలి అని వైద్యుల ప్రమాణాలే చెబుతున్నాయి. అంటే ఇంట్లోవాళ్లను అడగాలి. కానీ ఇంట్లోవాళ్లు నోరు విప్పరు. ఆస్ట్రేలియాలో 1970ల దాకా అధికారులు ఆదివాసీ పిల్లలను తల్లుల ఒడి నుంచి లాక్కుపోయారు. కెనడాలో ఆదివాసీ పిల్లలను ఇంటికీ, సొంత భాషకూ దూరం చేసి ఉంచిన రెసిడెన్షియల్ స్కూళ్లలో చివరివి మూతపడింది 1990లలో. ఆ బడులకు వెళ్లి వచ్చినవారే నేటి అమ్మమ్మలు, నాయనమ్మలు. ఫారం పట్టుకుని వచ్చిన కొత్త మనిషి ‘మీవాడు చెప్పినమాట వింటాడా’ అని అడిగితే ‘మావాడికేం, బాగానే ఉన్నాడు’ అంటారు. అలా అనకపోతేనే ఆశ్చర్యం.

ఇక నిజంగా ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల సంగతి. నాకు ఎక్కువ కోపం ఇక్కడే. పట్నంలో చూపించుకోగలిగిన పిల్లాడికి వైద్యం, ఆదివాసీ పిల్లాడికి దండన, బడి నుంచి సస్పెన్షన్. సంస్కృతిని గౌరవిస్తున్నామన్న పేరుతో వైద్యం ఎగ్గొట్టడం కూడా అన్యాయమే. సహాయం కావాలని ఆ సమాజాలే అడిగిన సందర్భాలు ఉన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఫిట్జ్‌రాయ్ లోయలో ఆదివాసీ మహిళా నాయకులు పట్టుబట్టి 2007లో మద్యం అమ్మకాలకు కళ్లెం వేయించారు. ఆ తర్వాత తమ పిల్లలను పరీక్షించమని పరిశోధకులను వాళ్లే పిలిచారు. 2002, 2003లలో పుట్టిన పిల్లల్లో దాదాపు అయిదుగురిలో ఒకరికి, కడుపులో ఉండగా మద్యం వల్ల మెదడుకు హాని జరిగినట్లు తేలింది. పైకి అదీ అచ్చం ఏడీహెచ్‌డీలాగే ఉండవచ్చు, రెండూ కలిసీ ఉండవచ్చు. చేయాల్సిన సాయం మాత్రం ఒకటి కాదు.

ఏ దేశ ప్రభుత్వమైనా ఆ ప్రశ్నావళి మొదటి పేజీలోనే వినికిడి పరీక్ష తేదీకి ఒక గడి పెట్టాలి. అది ఖాళీగా ఉంటే మిగతా పేజీలు చెల్లకూడదు. పిల్లాడిని పెంచుతున్నది అమ్మమ్మ అయితే ఆమె భాషలో, ఆమె నమ్మే మనిషే అడగాలి. పరీక్షలన్నీ అయ్యాక మందు రాస్తే బరువు, రక్తపోటు, ఆకలి, నిద్ర చూస్తూ మోతాదు సరిచేయాలి. నెలల తరబడి కనిపించని డాక్టరు వల్ల అది జరగదు. ఆ సమాజానికి చెందిన ఆరోగ్య కార్యకర్తకు శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి అక్కడే నియమించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు