బ్రిసిల్‌నోజ్ అని నేనమ్మినవి సక్కర్ ఫిష్‌లు, దయచేసి వెనక్కి తెచ్చివ్వండి

సత్యనారాయణపురం నుంచి వచ్చే టీచరుగారు పోయిన నెల ఒక పెయింటు బకెట్ తెచ్చి మా చేపల షాపు కౌంటర్ మీద పెట్టారు. మూత తీశాను. నల్లమచ్చల చేప ఒకటి, ఒళ్లు చాచే చోటు లేక, బకెట్ అడుగున వంకరగా పడుకొని ఉంది. స్కేలు పెట్టి చూస్తే తొమ్మిది అంగుళాలు. "నాలుగైదు అంగుళాలు దాటదన్నారు కదండీ" అన్నారాయన. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఆ మాట నేనన్నదే. నిరుడు దసరా ముందు బ్రిసిల్‌నోజ్ (ట్యాంకులో పాచి గీకే చిన్న చేప, మగదాని మూతి మీద కుచ్చులుంటాయి) పేరుతో నలభై పిల్లలు తెప్పించాను. మూడు దారిలోనే పోయాయి. మిగతా 37 మీకు అమ్మాను, ఒక్కోటి 180 రూపాయలకు. అవి బ్రిసిల్‌నోజ్‌లు కావు. 40 రూపాయలకు దొరికే మామూలు సక్కర్ ఫిష్‌లు. పెరిగితే అడుగు దాటి అడుగున్నర దాకా పోతాయి. అడుగు వెడల్పున్న మీ ట్యాంకులో అంత చేప వెనక్కి తిరగడానికే చోటుండదు.

చెన్నై కొళత్తూరు నుంచి మాకు సరుకు పంపే హోల్‌సేలర్‌తో మా నాన్న రోజుల నుంచీ ఖాతా ఉంది. నేను షాపులో కూర్చున్న ఈ పదహారేళ్లలో ఆయనకు ఒక్క రూపాయి ఆపలేదు, ఒక్క పార్శిల్ తిప్పి పంపలేదు. మే నెల ఎండల్లో థర్మాకోల్ పెట్టె విప్పేసరికి సగం చేపలు తేలిపోయి ఉన్నా, "మీరు మాత్రం ఏం చేస్తారండీ" అని నష్టం నేనే మోశాను. అలాంటి మనిషికి ఆ రాత్రి ఫొటో పంపి ఫోన్ చేస్తే, "చిన్నప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి సార్, పెంచినవాళ్లు ఏ పేరు చెబితే ఆ పేరుతో పంపుతాం" అన్నాడు. పొరపాటైందన్న మాట ఆయన నోట రాలేదు. చివర్లో, వచ్చే బిల్లులో వెయ్యి తగ్గిస్తానన్నాడు. నేను వెయ్యి కోసం ఫోన్ చేశానా? ముప్పై ఏడు ఇళ్లలో నా మాట పోయింది. దానికి వెయ్యి అట!

ఆ రోజుతో ఆయన దగ్గర కొనడం ఆపేశాను. ఇక్కడి షాపులు చాలావరకు ఆయన దగ్గరే తెచ్చుకుంటాయి. నాకు పెట్టెకింత అని ఖర్చు పెరిగింది. మా ఆవిడ మొండితనం అంటోంది. అయినా సరే, మళ్లీ ఆ గుమ్మం తొక్కను.

పైగా చిన్నప్పుడు అన్నీ ఒకేలా ఉండవు. పిల్లను గాజు గ్లాసులో వేసి, వీపు మీది రెక్క విప్పేదాకా ఓపిగ్గా చూడాలి. విప్పగానే తెరచాపలా లేస్తుంది. ముందుండే గట్టి ముల్లును వదిలేసి, దాని వెనక మెత్తటి పుల్లలు లెక్కపెట్టాలి. బ్రిసిల్‌నోజ్‌కి ఏడు, ఎప్పుడన్నా ఎనిమిది. సక్కర్ ఫిష్‌కి పదికి తక్కువ ఉండటం అరుదు. అంగుళంన్నర పిల్లకైనా ఫోన్ కెమెరా జూమ్ చేస్తే లెక్క తెలుస్తుంది. మూతి మీద కుచ్చులు లేవు కదా అంటే, అవి మగవాటికి కాస్త పెరిగాక గానీ రావు. టీచరుగారు వెళ్లాక ఆ చేపకు లెక్కపెట్టాను. పన్నెండు. పార్శిల్ విప్పిన రోజే చేయాల్సిన పని ఇది. నేను పెట్టె మీది పేరు చదివి ట్యాంకులో వదిలాను. ఈ తప్పు మాత్రం హోల్‌సేలర్ మీద వేయను. నాదే.

పుస్తకంలో నంబర్లున్న 22 మందికి ఫోన్ చేసి డబ్బు తిరిగి ఇచ్చేశాను. అది తేలికైన పనే. తిరిగొచ్చిన 19 చేపల్ని ఏం చేయాలన్నదే నాకు నిద్ర పట్టనివ్వలేదు. "పక్కనే బందరు కాలువ ఉంది కదా" అని నలుగురైనా అన్నారు. ఒకాయన అప్పటికే వదిలేసి వచ్చాడు. అది విన్నాక ఆ రోజంతా నాకు ఏ పనీ తోచలేదు. దక్షిణ అమెరికా నదుల చేప అది. ఒంటి నిండా పలకల కవచం. నీళ్లు చెడితే పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది, ఒడ్డు మట్టిలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. మన చెరువుల్లో, కాలువల్లో ఇప్పటికే చేరింది. జెల్లల కోసం వేసిన వలలో ఇది పడితే ముళ్లు చిక్కుకుని వల చిరుగుతుంది. దాన్ని తినేవాళ్లూ లేరు, కొనేవాళ్లూ లేరు. జాలరి నష్టపోవడమే.

చంపేయమన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లది తప్పని అనను. చేపల్ని బాధ లేకుండా చంపడానికి వాడే లవంగనూనె సీసా కూడా తెచ్చి పెట్టుకున్నాను. ఆ సాయంత్రం కీరా ముక్కలు వేస్తే పంతొమ్మిదీ వచ్చి అతుక్కుని గీకడం మొదలుపెట్టాయి. సీసా మూత తీయలేకపోయాను. చివరికి కంకిపాడులో మా చెల్లెలి పెరట్లో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు సిమెంటు తొట్టి కట్టించాను. 2024లో బుడమేరు నీళ్లు ఇళ్లలోకి ఎలా వచ్చాయో చూసినవాణ్ణి కాబట్టి మూడడుగుల అరుగు మీద కట్టించి, పైన జాలీ బిగించాను. ఆ సరుకు మీద వచ్చిన మొత్తం డబ్బుకి నాలుగింతలు అయింది. అయినా అవి కాలువలో పడవు.

ఇక నా షాపులో సక్కర్ ఫిష్ ఉండదు. ట్యాంకు శుభ్రం చేసే చేప కావాలని వచ్చేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు, ఆ బేరాలు పోతాయనీ తెలుసు. పిల్లగా ఉన్నప్పుడు పాచి గీకుతుంది, నిజమే. కానీ దాని పెంట మీరే తోడుకోవాలి. టైగర్ షార్క్ పేరుతో అమ్మే చేప కూడా ఉండదు. అది కైకలూరు వైపు చెరువుల్లో తినడానికి కేజీల లెక్కన పెంచే పంగాసియస్ చేపే.

రెండడుగుల ట్యాంకుకి, అంటే సుమారు 55 లీటర్ల నీళ్లకు, కోరీలు (అడుగున తిరిగే చిన్న జెల్ల జాతి చేపలు) తీసుకోండి. బ్రాంజ్ గానీ స్టెర్బాయ్ గానీ ఆరు. రెండున్నర అంగుళాల దగ్గర ఆగుతాయి. బెజవాడ ఎండలకు స్టెర్బాయ్ నయం. పాండా కోరీ చల్లటి నీళ్లది, అడిగినా ఇవ్వను. అడుగున్నర ట్యాంకుకి పిగ్మీ కోరీలు ఎనిమిది చాలు, అంగుళం చేప అది. అడుగు ట్యాంకులో కింద తిరిగే చేప ఏదీ వద్దు, చెర్రీ రొయ్యలు వేసుకోండి. ఏ కోరీకైనా కింద సన్న ఇసుక ఉండాలి. పదునైన మార్బుల్ చిప్స్ మీద వాటి మీసాలు అరిగిపోతాయి. మిగిలిన మేతతో బతకవు, లైటు ఆర్పాక మునిగే గుళికలు వేయాలి. బ్రిసిల్‌నోజ్ పిల్లల్ని ఇప్పుడు హైదరాబాదులో ఇంట్లో పెంచే ఒకరి దగ్గర, తల్లిచేపల్ని చూసి మరీ తెస్తున్నాను. మీ ముందే రెక్క పుల్లలు లెక్కపెట్టి ఇస్తాను. ట్యాంకు రెండున్నర అడుగులుంటేనే, అదీ ఒక్కటే.

పుస్తకంలో నంబరు లేని పదిహేను మంది ఇంకా ఉన్నారు. బిల్లు అక్కర్లేదు, చేపను చూస్తే నాకు తెలుస్తుంది. 180 చేతికిస్తాను, లేదా ఆరు కోరీలు పట్టుకెళ్లండి. పాలిథిన్ కవర్లో మాత్రం తేవద్దు, ముళ్లకు చిరిగిపోతుంది. మూతున్న బకెట్లో, చేప మునిగేన్ని నీళ్లు పోసి తీసుకురండి.