నాన్న ఇంటికి చేరారు, అందరికీ కృతజ్ఞతలు

గురువారం ఉదయం ఒంగోలులోని మా ఇంటి నుంచి బయటికి వెళ్ళిన నాన్న ఆ రాత్రే క్షేమంగా తిరిగి వచ్చారు. ఆయన ఫొటో ఇంకా గ్రూపుల్లో తిరుగుతోంది. నిన్న హైదరాబాద్ నుంచి కూడా ఒకరు ఫోన్ చేసి ఆరా తీశారు. దయచేసి ఇక ఎవరికీ పంపకండి. ఎక్కడైనా కనిపిస్తే కింద ‘దొరికారు’ అని ఒక్క మాట రాయండి.

నాన్నకు మతిమరుపు జబ్బు. ఎక్కడున్నదీ తెలియజేసే ఫోను కొనిచ్చి, ఇక దిగులు లేదనుకున్నాం. ఆ రోజు మ్యాపులో చూస్తే ఇంట్లోనే ఉన్నట్టు చూపించింది. ఫోను తలగడ కింద ఉంది మరి!

పోలీసులకు చెప్పాం, తెలిసినవాళ్ళందరికీ ఫొటో పంపాం. మధ్యాహ్నం ఎవరో ఫోన్ చేసి, ‘మీ నాన్న మా దగ్గరే ఉన్నారు, ముందు మూడు వేలు పంపండి’ అన్నాడు. తమ్ముడు పంపబోయాడు. కండువా ఏ రంగని అక్క అడిగేసరికి ఫోన్ పెట్టేశాడు. ఆ నంబరు గురించి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి చెప్పాం. ఇలాంటి ప్రకటనల్లో ఒంటిమీది బట్టల గుర్తులన్నీ రాసేయకండి, ఒకటి దాచుకోండి.

నాన్న వెళ్ళింది టంగుటూరు పొగాకు వేలం కేంద్రానికి. 1985లో మన రాష్ట్రంలో వేలం మొదలైనప్పటి నుంచి, సేద్యం మానేదాకా ఆయన ఒక్క సీజను తప్పలేదు. ఇప్పుడు సీజను కాదు, గేటు మూసి ఉంది. దాని ముందు కూర్చుని ‘ఇంకా మొదలు కాలేదా?’ అని అడుగుతుంటే, ఎదుట టీ కొట్టు అమ్మకు అనుమానం వచ్చింది. ఆమెది బటన్ల ఫోను, మా సందేశం ఆమెకు చేరే దారే లేదు. అన్నం పెట్టి, కదలనివ్వకుండా కబుర్లలో పెట్టింది. ఎప్పుడో అమ్మేసిన, పొగాకు ఆకు కాల్చే బ్యారన్ గురించి నాన్న గంటసేపు చెప్పారట. టీకి వచ్చిన ప్రతి ఒక్కరినీ ‘ఈ పెద్దాయన మీ ఫోనులో ఉన్నాడేమో చూడండి’ అని అడిగింది. చివరికి ఒక ఇంటర్ కుర్రాడు తన కాలేజీ గ్రూపులో ఆ ఫొటోను వెతికి పట్టుకున్నాడు.

అమ్మా, బాబూ, మీరు వద్దన్నారు కాబట్టి పేర్లు రాయడం లేదు. అన్నానికి డబ్బులిస్తే ఆ అమ్మ కోప్పడింది కూడా.

వీడియో కాల్‌లో నన్ను చూడగానే నాన్న అడిగిన మాట: ‘పొగాకు బేళ్ళు దింపించావా?’ దింపించానని చెప్పాను.