శ్రద్ధ లేదనే ముందు ఒకసారి చెవులు చూడండి, మంత్రి గారూ

గౌరవనీయులైన తెలంగాణ మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఈ మధ్య ఏ పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినా నాలుగేళ్ల పిల్లల గురించి ఒకటే పాట. కాన్సంట్రేషన్ లేదు, కుదురుగా కూర్చోడు, ఇలాగైతే ఫస్ట్ క్లాస్‌లో కష్టం. నాలుగేళ్లవాడు కుదురుగా కూర్చోకపోవడం వింతేం కాదండీ. కానీ ఆ ముక్క చెప్పి మమ్మల్ని టెన్షన్‌లో పడేసేవాళ్లే తప్ప, తర్వాత ఎవరి దగ్గరికి పోవాలో, ఏం చూపించాలో చెప్పేవాళ్లు లేరు.

మా చిన్నోడు ఒక ప్రైవేట్ స్కూల్లో ఎల్‌కేజీ. డైరీలో వారానికోసారైనా ఎర్ర పెన్నుతో ‘చెప్పిన మాట వినడు’ అని ఉండేది. నాలుగు గీతల కాపీలో అక్షరాలు గీత దాటుతున్నాయని ఇంకో కంప్లైంట్. (2020 జాతీయ విద్యా విధానం ఆరేళ్లు నిండాకే ఒకటో తరగతి అంది, అంతవరకూ ఆటపాటలతో నేర్పమంది. ఆ సంగతి మా స్కూలుకి ఎవరూ చెప్పినట్టు లేదు.) వాడికి జలుబు ఎప్పుడూ ఉండేదే, టీవీ సౌండ్ పెంచమని గోల చేసేవాడు, వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. చివరికి ఈఎన్‌టీ డాక్టర్ చెవిలో చిన్న గొట్టం పెట్టి గ్రాఫ్ తీశారు. మధ్యలో కొండలా లేవాల్సిన గీత చదునుగా పడుంది. కర్ణభేరి వెనక నీరు చేరిందట, ఈ వయసులో మామూలేనట. ఆయన చెప్పినట్టు ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచర్‌ని అడిగాం, జలుబుకి మందు వాడాం, నీరు తగ్గేదాకా మళ్లీ మళ్లీ చూపించాం. ఇప్పుడు డైరీలో ఆ ఎర్ర రాతలు చాలావరకు తగ్గాయి. మిగిలిన అల్లరి వాడి వయసుది, దానికి మందెందుకు?

అందరిదీ చెవి సమస్యే అనను. కొందరికి చూపు సరిగా ఉండదు, కొందరికి మాటలు ఆలస్యం, కొందరికి నిజంగానే ఆటిజమో, ఏడీహెచ్‌డీనో (శ్రద్ధ నిలవక, కుదురుండని సమస్య) ఉండొచ్చు, రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసి నిద్ర చాలక తూగేవాళ్లూ ఉన్నారు. రక్తహీనత సంగతి సరేసరి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి ఉంది. ఒంట్లో ఐరన్ లేని పిల్లాడికి శ్రద్ధ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇవన్నీ చూడ్డానికి 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉండనే ఉంది. వాళ్లు చూడాల్సిన 30 సమస్యల్లో వినికిడి, చూపు, మాటల ఆలస్యం, ఏడీహెచ్‌డీ అన్నీ ఉన్నాయి. అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు చూడాలి. మా వాడలో అయితే ఆ కార్యక్రమం బండి వస్తుంది, బరువు, పళ్లు చూస్తారు, టిక్కు పెట్టుకుని పోతారు. గుడ్లు లెక్కపెట్టి, యాప్‌లో ఎంట్రీలు కొట్టి అలిసిపోయే అంగన్‌వాడీ టీచరమ్మని దీనికి తప్పుపట్టలేను. ఇక ప్రైవేట్ ఎల్‌కేజీ పిల్లాడు అటు అంగన్‌వాడీ లెక్కలోనూ లేడు, ఇటు సర్కారు బడి లెక్కలోనూ లేడు. వాడి దగ్గరికి ఆ బండి అసలు రాదు.

పరీక్షలు ఆరోగ్యశాఖవి, అంగన్‌వాడీలు మీవి, స్కూళ్లు విద్యాశాఖవి. ఆ ముగ్గురినీ కూర్చోబెట్టగలిగేది మీరేనని మీకు రాస్తున్నా. ప్రైవేట్ ప్లేస్కూళ్లనీ ఎల్‌కేజీలనీ ఈ పరీక్షల్లో కలపండి. ఏం చూశారో, ఏం తేలిందో తెలుగులో ఒక చీటీ తల్లిదండ్రుల చేతికివ్వండి. జిల్లాల్లోని డీఈఐసీ సెంటర్ల (పిల్లల సమస్యల్ని చిన్నప్పుడే గుర్తించి చికిత్స చేసే సర్కారు కేంద్రాల) అడ్రస్, ఫోన్ నంబర్ ప్రతి అంగన్‌వాడీ గోడ మీదా రాయించండి, అక్కడ స్పీచ్ థెరపిస్ట్ పోస్టులు ఖాళీగా ఉంటే నింపండి. పిల్లాడికి శ్రద్ధ లేదని రాసే ఏ స్కూలైనా ముందు చెవి, కన్ను, రక్తం పరీక్షలు అయ్యాయా అని అడగాలని ఒక సర్క్యులర్ ఇవ్వండి, దానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు మా జిల్లాకి ఒక క్యాంపు తారీఖు ఇవ్వండి. పిల్లల్ని తీసుకొచ్చే పూచీ మాది.

ఇట్లు,
ఒక ఎల్‌కేజీ పిల్లాడి తల్లి
కరీంనగర్ జిల్లా