ఆరోపణకు మొదటి పేజీ, తీర్పుకు నాలుగు వరుసలా?

సంపాదకులకు,

ఒక మనిషిని అరెస్టు చేసిన రోజు ఆయన ఫొటో మొదటి పేజీలో వస్తుంది. కొన్నేళ్లకు కోర్టు ఆ కేసు కొట్టేస్తే ఆ సంగతి లోపలి పేజీలో, ప్రకటనల పక్కన నాలుగు వరుసల్లో ముగుస్తుంది. ఇది మీ పత్రిక ఒక్కదాని అలవాటు కాదు. చదివే మాకూ మొదటిదే గుర్తుంటుంది. రెండోది కంటపడినా ‘సాక్ష్యాలు దొరక్క బయటపడ్డాడు’ అనేసి పేజీ తిప్పుతాం. నిప్పు లేనిదే పొగ రాదంటాం. పొగ పెట్టేవాళ్లు కూడా ఉంటారన్నది ఆ క్షణాన తట్టదు.

కోర్టు తేల్చేది చాలా కొంచెం. ఫలానా పని ఈ వ్యక్తే చేశాడని సహేతుకమైన సందేహానికి తావులేకుండా రుజువైందా, లేదా? అంతవరకే. మనిషి మంచివాడా కాదా అన్న ప్రశ్న దాని ముందు లేదు. నేరం రుజువయ్యేదాకా నిందితుణ్ని నిర్దోషిగానే భావించాలని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 11వ అధికరణంలో ఉంది. రోజూ ఒకరి మీద ఒకరం చెప్పుకునే తీర్పుల్లో మాత్రం ‘చేయలేదని నువ్వే చూపించు’ అంటాం.

నా సంగతే చెబుతాను. ఖాతాల విభాగంలో ఉన్న రోజుల్లో ఒక వోచరు కనబడకుండా పోయింది. కొత్తగా చేరిన గుమాస్తా బల్ల మీద కాగితాలు ఎప్పుడూ చిందరవందరగా ఉండేవి. నాకు ఆ సాక్ష్యం చాలింది. ‘అజాగ్రత్త మనిషి’ అని ఇద్దరితో అన్నాను. నాలుగు రోజులకు ఆ వోచరు నా డైరీలోనే, నేనే మడిచి పెట్టిన చోట దొరికింది. ‘సంవత్సరాంతం కదా, ఊపిరాడని పని’ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అతనిదైతే స్వభావం, నాదైతే పని ఒత్తిడి! ఎదుటివారి పరిస్థితిని లెక్కలోకి తీసుకోకుండా అంతా వారి స్వభావానికే అంటగట్టే ఈ పొరపాటుకు లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఒక పేరు కూడా పెట్టారు. ఆ పేరు తెలియక ముందే నాకు ఆ పని బాగా వచ్చు. (తమ మీద తామే కనికరం లేని తీర్పు చెప్పుకొని ఏళ్లతరబడి కుమిలేవారూ ఉన్నారు. వారి గురించి వేరే లేఖ రాయాలి.)

వోచరును చప్పుడు చేయకుండా ఫైల్లో పెట్టేశాను. నింద వేసింది ఇద్దరి ముందు, సవరణ ఎవరి ముందూ లేదు. ఆ ఇద్దరిలో ఒకరు నిరుడు ఫోన్ చేసి, మాటల మధ్య ‘ఆ వోచరు పోగొట్టినాయన’ అని అతన్ని గుర్తుచేశారు. అప్పటికి ఇరవై రెండేళ్లయింది. అసలు సంగతి ఆ రోజు చెప్పాను.

అందుకే ఈ విన్నపం. ఆరోపణ ఏ పేజీలో, ఎంత పెద్ద అక్షరాల్లో వేశారో, నిర్దోషిగా తేలిన వార్తనూ ఆ పేజీలోనే అంత పెద్ద అక్షరాల్లో వేయండి. ఇంటర్నెట్‌లో ఉన్న పాత వార్తకు పైనే తీర్పును చేర్చండి. ఫొటో మాత్రం వారినే అడిగి వేయండి, వద్దనేవారు ఉంటారు. చోటు చాలదంటారేమో, అరెస్టు నాడు దొరికింది కదా.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక ఖాతాల ఉద్యోగి