గ్లోబ్‌కి వెళ్తే నేల టికెట్టే కొను

ఒరేయ్,

లండన్‌లో ఒక్క రోజే ఖాళీ, అందులోనే ఒక నాటకమూ చూడాలన్నావు కదా. అయితే థేమ్స్ ఒడ్డున ఉన్న షేక్‌స్పియర్ గ్లోబ్ నాటకశాలకే వెళ్ళు. గ్యాలరీలో బల్ల టికెట్టు వద్దు, నేల టికెట్టే కొను. వేదిక ముందున్న ఆవరణలో దాదాపు 700 మంది నిలబడి చూస్తారు. చవక అన్నది ఒక్కటే కారణం కాదు, నటులు నీ భుజం రాసుకుంటూ పోతారు! కాకపోతే రెండున్నర, మూడు గంటలు నిలబడాలి. ఆట నడుస్తుండగా కింద కూర్చుంటే సిబ్బంది వచ్చి లేపుతారు. కాబట్టి ఆ రోజు తిరుగుడంతా నీ కాళ్ళ ఓపికని బట్టి పెట్టుకో.

మధ్యాహ్నం 2 గంటల ఆట ఉన్న రోజు చూసుకో. రోజంతా తిరిగి రాత్రి ఏడున్నర ఆటకి వెళ్తే విరామానికే నడుము పట్టేస్తుంది.

పొద్దున సెయింట్ పాల్స్ అనే పెద్ద చర్చి దగ్గర మొదలుపెట్టు, కానీ పైకి ఎక్కకు. గోపురం పైదాకా 528 మెట్లు. బయట నుంచి చూసి, అక్కడి నుంచి తిన్నగా మిలీనియం వంతెన మీదికి నడు. 2000 జూన్‌లో తెరిచిన రెండు రోజులకే దాన్ని మూసేశారు తెలుసా? వంతెన కాస్త పక్కకి ఊగితే జనం పడిపోకుండా ఆ ఊపుకి తగ్గట్టు అడుగులేశారు, దాంతో ఊపు ఇంకా పెరిగింది. కుదుపుల్ని మింగే డ్యాంపర్లు బిగించి 2002లో మళ్ళీ తెరిచారు.

అవతలి ఒడ్డున టేట్ మోడర్న్, పాత విద్యుత్ కేంద్రంలో పెట్టిన ఆధునిక కళల మ్యూజియం. ప్రవేశం ఉచితం. ఒక్క అంతస్తు చాలు. బరో మార్కెట్‌లో తినొచ్చు గానీ సోమవారం సెలవు, శనివారం విపరీతమైన రద్దీ. పైగా కూర్చునే చోటు తక్కువ. పొట్లం కట్టించుకుని నది పక్కన బెంచీ మీద తిను.

ఒకటిన్నరకల్లా గ్లోబ్ క్యూలో ఉండు. నేలలో స్థలాలకి నంబర్లుండవు, ముందు వచ్చినవాడిదే చోటు. వేదిక అంచు దొరికితే మోచేతులు ఆన్చుకోవచ్చు, కానీ తల ఎత్తి చూసి చూసి మెడ నొప్పి పుడుతుంది. నన్నడిగితే వెనక గోడే మేలు: వీపు ఆన్చుకోవచ్చు, వేదికంతా కనిపిస్తుంది. వేదిక మీద రెండు లావుపాటి స్తంభాలున్నాయి, వాటికి సూటిగా మాత్రం నిలబడకు. బ్యాగు కింద పెడితే నటుల దారికి అడ్డం, చిన్నదే తెచ్చుకో.

పైకప్పు గ్యాలరీలకీ వేదికకీ ఉంది, మనకి లేదు. వానొచ్చినా ఆట ఆగదు. వెనకవాళ్ళకి కనబడదని గొడుగు తెరవనివ్వరు, టోపీ ఉన్న రెయిన్‌కోటు తప్పనిసరి. ఎండ కాస్తే ఆ టోపీయే పనికొస్తుంది.

ఆ కప్పుని ఒకసారి తలెత్తి చూడు, రెల్లుతో నేసింది. 1599లో కట్టిన అసలు గ్లోబ్ 1613లో ఇలాంటి కప్పు అంటుకునే కాలిపోయింది, నాటకంలో పేల్చిన ఫిరంగి నిప్పు వల్ల. ఇప్పటిది 1997లో తెరిచారు. దీనికోసం ఏళ్ళ తరబడి పోరాడిన అమెరికన్ నటుడు శామ్ వానమేకర్ అది చూడకుండానే 1993లో పోయాడు. ఆ సంగతి తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

కథ ముందే చదువుకుని వెళ్ళు. నాలుగు వందల ఏళ్ళనాటి ఇంగ్లీషు, మొదటి పావుగంట చెవికి అందదు. మన పద్యనాటకంలోలా రాగం తీయరు, మాట్లాడినట్టే చెబుతారు. కథ తెలిస్తే ఆ మాటల నడక దానంతటదే పట్టుబడుతుంది.

ఆట నాలుగున్నరకల్లా అయిపోతే వంతెన దాటి మళ్ళీ సెయింట్ పాల్స్‌కి వెళ్ళు. మామూలు రోజుల్లో 5 గంటలకి సాయంప్రార్థన ఉంటుంది, టికెట్టు అక్కర్లేదు, హాయిగా కూర్చుని పాటలు వినొచ్చు. ఆదివారం వేళలు వేరు.

బస్సుల్లో నగదు తీసుకోరు, బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. మొదటి బస్సెక్కిన గంటలోపు ఇంకో బస్సెక్కితే మళ్ళీ డబ్బు పడదు. అయితే ఒకసారి కార్డు, ఇంకోసారి ఫోను తాకిస్తే ఇద్దరు మనుషుల కింద లెక్కగట్టి రెండుసార్లు కోస్తారు. పొద్దున దేన్ని వాడితే రాత్రి దాకా దాన్నే వాడు. టికెట్టు దొరికాక ఏ నాటకమో రాయి.

నీ,
నేస్తం